ఎక్కిన కారు ఆగగలదా?

అది 1986వ సంవత్సరం. ఫిన్లాండు దేశంలో కైపోలా అనే చోటు. అక్కడ స్కీ ఆటగాళ్ళు దూకడానికి ఎత్తయిన ఏటవాలు కట్టడం ఒకటి ఉంది. ఆటగాళ్ళు కాళ్ళకు పొడవాటి పలకలు కట్టుకుని, దాని కొనకొమ్మున నిలబడి, అక్కడినుంచి జర్రున కిందికి జారుతారు. అంచు చేరేసరికి పిట్టల్లా గాలిలోకి ఎగురుతారు. అంటే అది జారడం కోసమే కట్టిన కట్టడం. దాని మీద పైనుంచి కిందికి రావడమే తప్ప, కిందినుంచి పైకి వెళ్ళేవాళ్ళు ఉండరు.

ఆ రోజు మాత్రం ఒక కారు కిందినుంచి పైకి బయలుదేరింది!

కారు పేరు ఆడీ 100 సి.ఎస్. క్వాట్రో. నడిపినవాడు హారాల్డ్ డెముత్ అనే జర్మన్ ర్యాలీ డ్రైవరు. వాలు 37 డిగ్రీల పైమాటే. మన ఇళ్ళలో మెట్లు కూడా చాలాచోట్ల అంత నిటారుగా ఉండవు. పైగా అంతా మంచు. అయినా ఆ కారు గోడమీద బల్లిలాగ పాకుతూ పైకి ఎక్కేసింది. దాన్ని సినిమా తీసి టెలివిజన్‌లో ప్రకటనగా చూపించారు. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

"క్వాట్రో" అంటే ఇటాలియన్ భాషలో "నాలుగు" అని అర్థం. ఆ కారుకి నాలుగు చక్రాలూ లాగుతాయి. కాబట్టి "నాలుగు చక్రాలూ లాగే కారుంటే మంచు ఏం చేస్తుంది?" అని చాలామంది అనుకున్నారు. ఇప్పటికీ మంచు దేశాల్లో ఎంతోమంది అలాగే అనుకుంటారు. ఆ నమ్మకంతోనే చలికాలంలో రోడ్డెక్కి, ముందు వెళ్ళే బండిని గుద్దేవాళ్ళూ, మలుపు తిరగలేక కందకంలో పడేవాళ్ళూ ఉన్నారు.

మరి ఆ నమ్మకంలో పొరపాటు ఎక్కడుంది? మనం మంచు ఎరగని వేడి దేశం వాళ్ళమే. అయినా కాగితం, పెన్సిలు ఉంటే ఈ పొరపాటు ఎక్కడుందో మన ఇంట్లో కూర్చునే పట్టుకోవచ్చు. రండి!

ఎన్ని చక్రాలు లాగుతాయి?

కారుకి నాలుగు చక్రాలుంటాయని అందరికీ తెలుసు. కాని నాలుగూ పనిచేస్తాయా అంటే, అన్ని కార్లలోనూ చేయవు. ఇంజను బలం కొన్ని కార్లలో ముందు చక్రాలకే అందుతుంది. కొన్నింటిలో వెనక చక్రాలకే. మిగతా రెండూ ఊరికే దొర్లుతాయి. వీటిని రెండు చక్రాల డ్రైవు కార్లు అంటారు. (రెండు చక్రాల డ్రైవు అంటే స్కూటరని పొరబడకండి!) ఈనాటి చిన్న కార్లలో ఎక్కువ భాగం ముందు చక్రాల డ్రైవువే. ఇంజను బలాన్ని నాలుగు చక్రాలకూ పంచితే అది నాలుగు చక్రాల డ్రైవు కారు.

దీనివల్ల లాభం ఉంది. కాదనలేం. 1977 తొలి రోజుల్లో ఉత్తర ఐరోపా చలిలో కార్లను పరీక్షిస్తున్న ఆడీ ఇంజనీర్లు ఒక వింత గమనించారు. ఎక్కువ బలమైన ఇంజనున్న ముందు చక్రాల డ్రైవు కార్లను, తక్కువ బలం గల ఒక సైనిక బండి మంచు మీద దాటిపోతోంది. ఆ బండికి నాలుగు చక్రాలూ లాగుతాయి. అక్కడినుంచే క్వాట్రో కారు ఆలోచన పుట్టింది. 1978 జనవరిలో దాని నమూనాను ఆస్ట్రియాలోని టురాఖర్ హోయే అనే కనుమ దారి మీద ఎక్కించి చూశారు. అక్కడ రోడ్డు ప్రతి 100 మీటర్లకూ 23 మీటర్లు పైకి లేస్తుంది. ఆ కారుకి అప్పుడు వేసినవి మామూలు వేసవి టైర్లే. అయినా ఎక్కింది!

ఇక్కడ ఒక్క క్షణం ఆగి మీరే ఒక ప్రశ్న వేసుకోండి. "సరే, ఎక్కింది. మరి దిగేటప్పుడో?"

ఈ ప్రశ్నలోనే కథంతా ఉంది.

నాలుగు పోస్టుకార్డులు

కారు ఎంత పెద్దదైనా, దాని ఒక్కొక్క టైరూ నేలను తాకే చోటు దాదాపు ఒక పోస్టుకార్డంత. అంతే! వెయ్యి కిలోల కారు, లోపల కూర్చున్న అమ్మా నాన్నా పిల్లలూ, అందరి ప్రాణాలూ నాలుగు పోస్టుకార్డుల మీద ఉన్నాయన్నమాట. కారు కదలాలన్నా, మలుపు తిరగాలన్నా, ఆగాలన్నా ఆ నాలుగు చోట్ల రబ్బరు రోడ్డును పట్టుకోవాలి. ఆ పట్టునే మన పుస్తకాల్లో ఘర్షణ అంటారు.

పట్టు ఎంతో కొలవడం ఎలా? చిన్న ప్రయోగం చేద్దాం. ఒక నున్నని చెక్కపలక మీద పెన్సిలు గీతలు చెరిపే రబ్బరు ముక్క పెట్టండి. పలకను ఒక పక్కనుంచి మెల్లగా ఎత్తండి. రబ్బరు జారడం మొదలు పెట్టగానే ఆపండి. పలక కొన నేలనుంచి ఎంత ఎత్తున ఉందో కొలవండి. ఆ కొనకి సరిగ్గా కింద నేలమీద గుర్తు పెట్టి, అక్కడినుంచి పలక నేలను తాకే చోటుదాకా దూరం కొలవండి. ఎత్తును దూరంతో భాగించండి. వచ్చినదే ఘర్షణ గుణకం. ఇప్పుడు రబ్బరు ముక్క తీసేసి ఒక ఐసు ముక్క పెట్టి చూడండి. పలకను ఇలా ఎత్తారో లేదో అలా జారిపోతుంది!

పొడి తారురోడ్డు మీద మంచి టైరుకి ఈ గుణకం 0.8 దాకా ఉంటుంది. అంటే కారు బరువులో పదింట ఎనిమిది వంతుల బలంతో టైర్లు రోడ్డును పట్టుకోగలవు. హిమం మీద ఇది 0.2, 0.3 దగ్గరికి పడిపోతుంది. గట్టి మంచుగడ్డ మీదనైతే 0.1కి, అంతకన్నా తక్కువకి కూడా దిగుతుంది.

మన భాషలో మంచు అనే ఒక్క మాటనే చాలావాటికి వాడతాం కనుక ఒక విషయం చెప్పాలి. ఆకాశంనుంచి దూదిపింజల్లా రాలేది హిమం. నీరు గడ్డకట్టి అద్దంలా మారినది మంచుగడ్డ. హిమం మీద నడవడం ఒక కష్టం, మంచుగడ్డ మీద నడవడం మరో కష్టం. టైరుకీ అంతే.

రబ్బరుకి చలివేస్తే

అమ్మ బెల్లం పాకం పట్టేటప్పుడు ఎప్పుడైనా గమనించారా? వేడిమీద పాకం ధారగా కారుతుంది. కొంచెం చల్లారాక తీగలా సాగుతుంది, వేలితో నొక్కితే వంగుతుంది. పూర్తిగా చల్లారితే గాజులా గట్టిపడుతుంది. నొక్కితే వంగదు, టప్పున విరుగుతుంది. అదే బెల్లం, అదే నీరు. మారినది ఉష్ణోగ్రత ఒక్కటే.

రబ్బరు కూడా ఇటువంటిదే. దాని అణువులు సేమియా పోగుల్లాగ పొడవైన గొలుసులు. వెచ్చగా ఉన్నంతసేపూ అవి ఒకదానిపక్కన ఒకటి కదులుతూ, సాగుతూ ఉంటాయి. చలి పెరిగేకొద్దీ కదలిక తగ్గి బిగుసుకుంటాయి. పూర్వం రబ్బరుతో చేసిన వస్తువులు ఎండలో జిగురులా అంటుకునేవి, చలిలో పెళుసెక్కేవి. 1839లో అమెరికావాడైన ఛార్లెస్ గుడ్‌యియర్ రబ్బరుకి గంధకం కలిపి వేడిచేసి ఈ జబ్బుకి మందు కనిపెట్టాడు. జబ్బు చాలావరకు నయమైంది కాని, పూర్తిగా పోలేదు.

రోడ్డు చూడటానికి చదునుగా ఉన్నా దాని మీద కోట్ల కొద్దీ చిన్న చిన్న గరుకులుంటాయి. మెత్తని రబ్బరు ఆ గరుకుల్లోకి దిగి పట్టుకుంటుంది. గట్టిపడిన రబ్బరు గరుకుల కొనల మీద మాత్రమే ఆనుతుంది. అరచేత్తో గోడను తాకడానికీ, గోటితో తాకడానికీ ఉన్నంత తేడా!

వేసవి టైరును ఎండాకాలం కోసం తయారు చేస్తారు. కాలే రోడ్డు మీద మరీ మెత్తబడిపోకుండా దాని రబ్బరును కొంచెం గట్టిగా ఉంచుతారు. ఎండలో అది దానికి బలం. కాని గాలి ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెంటీగ్రేడుకి దిగితే ఆ బలమే బలహీనతగా మారడం మొదలవుతుంది. ఈ 7 డిగ్రీలు గీత గీసినట్టు ఉండే హద్దు కాదు, ఒక మోటు గుర్తు. ఐరోపాలో డ్రైవర్లు దాన్నే గుర్తు పెట్టుకుంటారు. జర్మనీలోనైతే "అక్టోబరు నుంచి ఈస్టరు పండగ దాకా చలికాలపు టైర్లు" అని ఇంకా సులభంగా చెప్పుకుంటారు.

గాట్ల మహిమ

చలికాలపు టైరులో మొదటి విశేషం దాని రబ్బరు. చలికి బిగుసుకోకుండా అందులో ప్రకృతిసిద్ధమైన రబ్బరు పాలు ఎక్కువ వేస్తారు. సిలికా పొడి కలుపుతారు. సిలికా అంటే మన ఇసుకలో ఉండే పదార్థమే. అందువల్ల సున్నాకి దిగువన కూడా ఆ రబ్బరు మెత్తగానే ఉంటుంది.

రెండో విశేషం దాని పైభాగం. వేసవి టైరు మీద గాడులు కొన్నే ఉంటాయి. చలికాలపు టైరు మీద లోతైన వెడల్పు గాడులుంటాయి. వాటి మధ్య ఉన్న రబ్బరు దిమ్మల మీద మళ్ళీ బ్లేడుతో కోసినట్టు వందలకొద్దీ సన్నని గాట్లుంటాయి. 1923లో జాన్ సైప్ అనే ఆయన ఇటువంటి గాట్లకు అమెరికాలో పేటెంటు పొందాడు. ఆయన పశువధశాలలో పనిచేసేవాడనీ, తడి నేలమీద జారకుండా తన బూట్ల అడుగున గాట్లు పెట్టుకుని చూశాడనీ ఒక కథ చెబుతారు. ఇంగ్లీషులో ఆ గాట్లకు ఆయన పేరే నిలిచిపోయింది.

గాటు ఏం చేస్తుంది? టైరు నేలను తాకగానే గాట్లు కొంచెం విచ్చుకుంటాయి. ఒక్కొక్క గాటుకీ రెండు అంచులు. ఆ అంచులన్నీ కలిసి హిమాన్ని గీరి పట్టుకుంటాయి. మంచుగడ్డ మీద ఉండే పలచని నీటి పొరను తుడుస్తాయి.

ఇక గాడుల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. గాడుల్లో హిమం ఇరుక్కుంటే జారిపోతుందని మీరనుకుంటారు. నిజం దానికి పూర్తిగా వ్యతిరేకం! వేసవిలో బడి దగ్గర ఐసుగోళా బండి చూసే ఉంటారు. తురిమిన ఐసును బండివాడు గుప్పిట్లో నొక్కగానే అది ముద్దగా అతుక్కుంటుంది. నొక్కితే మంచు మంచుకు అతుక్కుంటుందని 1850లోనే మైకేల్ ఫారడే చెప్పాడు. చలికాలపు టైరు గాడుల్లో చిక్కిన హిమం రోడ్డు మీది హిమాన్ని అలాగే పట్టుకుంటుంది. ముల్లును ముల్లుతోనే తీసినట్టు, హిమాన్ని హిమంతోనే పట్టడమన్నమాట!

ఇటువంటి టైరును మొట్టమొదట తయారు చేసినది కూడా ఫిన్లాండు వాళ్ళే. అక్కడి నోకియా పట్టణంలోని రబ్బరు కంపెనీ 1934లో లారీల కోసం చలికాలపు టైరు తెచ్చింది. 1936లో కార్ల కోసం "హక్కపెలీట్టా" అనే టైరు తెచ్చింది. ఆ పేరు పాతకాలపు ఫిన్లాండు ఆశ్వికులది. ఈనాటికీ ఆ పేరుతో టైర్లు వస్తూనే ఉన్నాయి.

రెండు కార్ల పోటీ

ఇప్పుడు పెన్సిలు తీయండి. హిమం గట్టిగా అణిగిపోయిన రోడ్డు ఒకటి ఊహించుకోండి. దానిమీద రెండు కార్లు నిలబడ్డాయి. లెక్క సులువుగా ఉండటానికి రెండూ వెయ్యి కిలోలే అనుకుందాం.

రాముడి కారుకి నాలుగు చక్రాలూ లాగుతాయి. కాని వేసినవి వేసవి టైర్లు. ఈ రోడ్డు మీద వాటి గుణకం 0.2 అనుకుందాం.

సోముడి కారుకి ముందు రెండు చక్రాలే లాగుతాయి. కాని నాలుగింటికీ చలికాలపు టైర్లు వేశాడు. వాటి గుణకం 0.3 అనుకుందాం. (హిమం ఎంత చల్లనిదో, ఎంత అణిగిందో దాన్నిబట్టి ఈ అంకెలు మారుతుంటాయి. మనకు కావలసినది రెండింటికీ ఉన్న పోలిక.)

మొదట బయలుదేరడం చూద్దాం. రాముడి కారులో బరువంతా లాగే చక్రాల మీదే ఉంది. వెయ్యి కిలోలలో 0.2 వంతు, అంటే 200 కిలోల లాగుడు. సోముడి కారులో లాగే చక్రాలు ముందువి. ఇంజను ముందే ఉంటుంది కనుక బరువులో నూటికి 60 వంతులు, అంటే 600 కిలోలు వాటిమీద పడతాయి. అందులో 0.3 వంతు 180 కిలోలు.

ఒకరిది 200, ఒకరిది 180. చూశారా! దాదాపు సమానం. రాముడు ఇంకొంచెం ముందే ఉన్నాడు. "నా బండి చక్కగా కదిలింది. రోడ్డు అంత చెడ్డగా ఏమీ లేదు" అనుకుంటాడు. గంటకు 54 కిలోమీటర్ల వేగానికి చేరుతాడు. సోముడూ చేరుతాడు.

అంతలో ఎదురుగా రోడ్డు మీదికి ఒక పిల్ల పరిగెత్తుకొచ్చింది. ఇద్దరూ ఒకేసారి బ్రేకు తొక్కారు.

ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించండి. లాగే చక్రాలు రెండైనా నాలుగైనా, బ్రేకులు మాత్రం ప్రతి కారులోనూ నాలుగు చక్రాలకీ ఉంటాయి! అంటే ఆగే సమయంలో నాలుగు చక్రాల డ్రైవుకి ఉన్న ఆధిక్యం సున్నా. రాముడికి ఆపే బలం వెయ్యిలో 0.2 వంతు, 200 కిలోలు. సోముడికి వెయ్యిలో 0.3 వంతు, 300 కిలోలు.

గంటకు 54 కిలోమీటర్లంటే సెకనుకు 15 మీటర్లు. సోముడి కారు వేగం సెకను సెకనుకీ 3 మీటర్ల చొప్పున తగ్గుతుంది. రాముడిది 2 మీటర్ల చొప్పునే తగ్గుతుంది. మీ పుస్తకంలో సూత్రం ఉంది కదా: వేగాన్ని వేగంతో గుణించి, తగ్గుదలకు రెండింతలతో భాగించాలి. సోముడు 37 మీటర్ల చిల్లరలో ఆగిపోతాడు. రాముడికి 56 మీటర్లు కావాలి.

ఇంతేనా అనకండి. సోముడి కారు పూర్తిగా ఆగిన చోట రాముడి కారు వేగం ఎంత ఉంటుందో కట్టి చూడండి. సెకనుకు 8 మీటర్లకు పైన. అంటే గంటకు 31 కిలోమీటర్లు! ఒక కారు నిశ్చలంగా నిలబడిన చోటు మీదుగా రెండోది సైకిలు పందెం వేగంతో దూసుకుపోతోంది. ఆ పిల్ల అక్కడే నిలబడి ఉంటే? ఇక్కడ లెక్క తప్పడమంటే పరీక్షలో మార్కులు పోవడం కాదు.

బయలుదేరడంలో కనిపించని తేడా ఆగడంలో బయటపడింది. నాలుగు చక్రాల డ్రైవు చెడ్డది కాదు. కాని అది డ్రైవరుకి రోడ్డు గురించి ఒక అబద్ధం చెబుతుంది. రెండు చక్రాల డ్రైవు కారు వేసవి టైర్లతో హిమం మీద కదలలేక చక్రాలు గిర్రున తిప్పుతుంది. "బాబూ, ఇవాళ రోడ్డు బాగాలేదు" అని హెచ్చరిస్తుంది. నాలుగు చక్రాలదో, ఆ హెచ్చరిక లేకుండానే వేగం అందుకుంటుంది.

కొండ దిగేటప్పుడు

ఇప్పుడు ఆస్ట్రియా కనుమ దారి దగ్గర మనం వేసుకున్న ప్రశ్నకు వద్దాం. మన ఇద్దరినీ ఒక చిన్న కొండ ఎక్కిద్దాం. ప్రతి 100 మీటర్లకూ 10 మీటర్లు ఎత్తు. ఇటువంటి వాలు మీద వెయ్యి కిలోల కారును భూమి సుమారు 100 కిలోల బలంతో కిందికి లాగుతుంది.

ఎక్కేటప్పుడు రాముడికి 200లో 100 పోను 100 మిగిలింది. సోముడికి 180లో 100 పోను 80 మిగిలింది. ఇద్దరూ ఎక్కేశారు.

దిగేటప్పుడు అదే 100 కిలోలు బ్రేకుకి ఎదురు లాగుతుంది. సోముడికి 300లో 200 మిగిలింది. రాముడికి 200లో 100 మాత్రమే మిగిలింది. ఆపే బలం సగమైతే ఆగే దూరం రెట్టింపు. అదే 54 కిలోమీటర్ల వేగంతో సోముడు 56 మీటర్లలో ఆగితే, రాముడికి 112 మీటర్లు కావాలి. వాలు ఇంకా పెరిగి 100కి 20 అయితే రాముడికి మిగిలేది సున్నా. బ్రేకు ఎంత తొక్కినా కారు జారుతూనే ఉంటుంది.

మలుపు తిరగడం కూడా ఇంతే. కారును పక్కకి తిప్పేది ఇంజను కాదు, టైరు పట్టే. ఈనాటి కార్లలో చక్రాలు బిగుసుకుపోకుండా చూసే కొత్తరకం బ్రేకులు కూడా ఉన్నాయి. అవి ఉన్న పట్టును జాగ్రత్తగా వాడుకుంటాయి. లేని పట్టును పుట్టించలేవు.

సగం పొదుపు, నిండు నష్టం

"లాగేవి రెండు చక్రాలే కదా, ఆ రెండింటికే మంచి టైర్లు వేస్తే చాలదా? డబ్బు సగం మిగులుతుంది" అని మీలో తెలివైనవారు అడగవచ్చు. అమెరికాలో వెనక చక్రాల డ్రైవు కార్లు ఎక్కువగా ఉన్న రోజుల్లో చాలామంది అలాగే చేసేవారు.

కాని ఇప్పుడే చూశాం: ఆపేవి నాలుగూ. ముందు రెండింటికీ చలికాలపు టైర్లు, వెనక రెండింటికీ వేసవి టైర్లు ఉన్నాయనుకోండి. మలుపులో బ్రేకు తొక్కగానే ముందు భాగం నేలను పట్టుకుంటుంది, వెనక భాగం జారిపోతుంది. కారు బొంగరంలా తిరుగుతుంది. తలకిందులు చేసి వెనక రెండింటికే వేస్తే, ముందు చక్రాలు ఎటు తిప్పినా కారు నేరుగానే పోతుంది. అందుకని వేస్తే నాలుగూ ఒకే రకం వేయాలి.

వేయగానే సరిపోదు. గాడులు అరిగితే చలికాలపు టైరు కూడా గుండు టైరే. ఆస్ట్రియాలో చలికాలంలో ఈ టైర్ల గాడి లోతు కనీసం 4 మిల్లీమీటర్లుండాలని నిబంధన ఉంది. నిజమైన చలికాలపు టైరును గుర్తుపట్టడం కూడా సులభమే. దాని పక్క గోడమీద మూడు శిఖరాల కొండ, కొండ లోపల ఒక హిమ నక్షత్రం ముద్ర ఉంటుంది. హిమం మీద నిర్ణీత పరీక్ష నెగ్గిన టైరుకే ఆ ముద్ర వేస్తారు.

కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో 2008 నుంచి చలికాలంలో ఈ టైర్లు తప్పనిసరి. జర్మనీలో 2010లో చట్టాన్ని గట్టిపరిచారు. రోడ్డు మీద హిమమో మంచుగడ్డో ఉంటే చలికాలపు టైర్లు లేకుండా కారు నడపకూడదు. నాలుగు చక్రాల డ్రైవు ఉంది కదా అని ఈ చట్టాలు ఏ కారునీ వదిలిపెట్టవు. ఎందుకో ఇప్పుడు మీకు తెలుసు.

మరి ఆ కారు ఎలా ఎక్కింది?

ఇక కైపోలా రహస్యం విప్పుదాం. 37 డిగ్రీల చిల్లర వాలు ఎక్కాలంటే గుణకం ఎంత కావాలి? మన పలక ప్రయోగం గుర్తుందా? ఎత్తును అడుగు దూరంతో భాగించాలి. ఈ వాలుకి అది 0.77 దాకా వస్తుంది. పొడి తారురోడ్డు మీద ఉన్నంత పట్టు! హిమం మీద రబ్బరు ఎంత మంచిదైనా 0.3 దగ్గరే ఆగిపోతుందని చూశాం. నాలుగు కాదు, నలభై చక్రాలు లాగినా ఆ వాలు ఎక్కడం రబ్బరు వల్ల కాదు.

రహస్యం టైర్లలో ఉంది. ఆ రోజు ఆ కారుకి వేసినవి లోహపు మేకులు దిగగొట్టిన ప్రత్యేకమైన టైర్లు! అవి పులిగోళ్ళలా మంచులోకి గుచ్చుకుని కారును పైకి తీసుకువెళ్ళాయి. వాన కురిసిన పొలంగట్టు మీద మన కాలివేళ్ళు బురదలోకి గుచ్చి నడవమూ? అదే ఉపాయం.

నాలుగు చక్రాల డ్రైవు కూడా పనిచేసింది. అది లేకపోతే మేకులున్నా కారు ఎక్కేది కాదేమో. కాని ప్రకటన చూసినవాళ్ళు చక్రాలను లాగే ఇంజనును మెచ్చుకున్నారు. నేలను పట్టుకున్న గోళ్ళ సంగతి మరిచిపోయారు. మేకుల టైర్లు ఫిన్లాండు, స్వీడన్ వంటి చోట్ల చలికాలంలో వాడతారు. అవి రోడ్డును గీరి పాడుచేస్తాయి కనుక జర్మనీలో 1975 నుంచి మామూలు రోడ్ల మీద నిషేధించారు.

మన ఎడ్లబండి వాళ్ళకి ఈ సంగతి ఏనాడో తెలుసు. రెండు ఎడ్లు కట్టినా నాలుగు ఎడ్లు కట్టినా, గిట్టలకు నాడాలు లేకుండా గట్టి రోడ్డు మీదికి తోలరు. లాగే బలం వేరు, నిలబడే పట్టు వేరు.

మన ఊళ్ళో సంగతేమిటి?

"అయితే మేము కూడా చలికాలపు టైర్లు కొనమని నాన్నకు చెబుతాం" అని లేవకండి! విజయవాడలోనో, కరీంనగర్‌లోనో మే నెల ఎండలో ఆ మెత్తని రబ్బరు తారురోడ్డు మీద ఇట్టే అరిగిపోతుంది. గాట్లతో నిండిన దిమ్మలు వేడికి ఇంకా మెత్తబడి అటూ ఇటూ ఊగుతాయి. అక్కడ ముందుగా ఆగేది వేసవి టైరే. లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున 7 డిగ్రీలకన్నా దిగినా, ఎండ ఎక్కేసరికి అంతా మామూలే. హిమాలయాల్లో మంచు దారుల మీద వెళ్ళేవాళ్ళు టైర్లకు ఇనుప గొలుసులు చుట్టుకుంటారు. అవి కూడా ఒక రకం గోళ్ళే.

కాని మీ అన్నయ్యో, పిన్నిగారో చదువుకోసం, ఉద్యోగం కోసం జర్మనీలోనో, కెనడాలోనో, అమెరికా ఉత్తర ప్రాంతాల్లోనో ఉండవచ్చు. అక్కడ హిమం కురిసే మొదటి చలికాలం వాళ్ళకీ కొత్తే. "నాలుగు చక్రాలూ లాగే కారు కొన్నాను, ఇంక భయం లేదు" అని వాళ్ళు ఫోనులో చెబితే, మీరు ఒక్క ప్రశ్న అడగండి: "కారు కాళ్ళకి ఏం తొడిగావు?"

చలికాలపు టైర్లూ, నాలుగు చక్రాల డ్రైవూ రెండూ ఉంటే అన్నిటికన్నా మేలు. రెండింటిలో ఒకటే కొనగలిగితే, ముందు టైర్లు కొనాలి. బయలుదేరలేని కారు మనల్ని ఇంటి దగ్గరే ఉంచుతుంది. ఆగలేని కారు ఎక్కడ ఉంచుతుందో చెప్పలేం.

చివరగా మీకొక లెక్క. రాముడూ సోముడూ ప్రతి 100 మీటర్లకు 15 మీటర్లు లేచే కొండ ఎక్కారు. (ఎక్కగలరో లేదో ముందు చూడండి!) తిరిగి దిగుతూ గంటకు 36 కిలోమీటర్ల వేగంలో బ్రేకు తొక్కారు. ఎవరు ఎన్ని మీటర్లలో ఆగుతారు? కట్టిన తరువాతే కింది జవాబు చూడండి.

(జవాబు: ఇద్దరూ ఎక్కగలరు. దిగేటప్పుడు సోముడు సుమారు 33 మీటర్లలో ఆగుతాడు. రాముడికి 100 మీటర్లు కావాలి.)